పొద్దున ఆరింటికి మాత్రమే ఉండే జబ్బు

మా కారు 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాలుగు సిలిండర్లు, లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన డిసెంబరులో, హైదరాబాద్‌లో చలి మొదలైన రోజుల్లో, పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే బండి వణకడం మొదలుపెట్టింది. స్టీరింగ్ మీద చెయ్యి వేస్తేనే తెలిసేది. ఆర్‌పీఎం ముల్లు పదమూడు వందలకు పోయి, తొమ్మిది వందలకు పడి, మళ్లీ లేచేది. ఇంజన్ దెబ్బల్లో నాలుగోది తప్పిపోతున్నట్టు వినిపించేది. మెకానిక్‌లు దీన్నే మిస్సింగ్ అంటారు. పది నిమిషాలు నడిపితే అంతా సర్దుకునేది. ఆఫీసుకు చేరేసరికి బండికి ఏ జబ్బూ లేదు.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ పది నిమిషాల చుట్టూనే ఉంది. గ్యారేజీ తెరిచేది పదింటికి. అక్కడికి వెళ్లాలంటే బండి నడుపుకుంటూ వెళ్లాలి. వెళ్లేసరికి ఇంజన్ వేడెక్కుతుంది, జబ్బు దాక్కుంటుంది. అంటే మెకానిక్ నా బండిని జబ్బుతో ఉండగా ఒక్కసారి కూడా చూడలేదు. చూడనిదానికి మందు ఎలా ఇస్తాడు? ఊహించి ఇస్తాడు. అందుకే నా వాదన ఇది: బండికి ఏమైందో కనిపెట్టే పని ఇంట్లోనే జరగాలి, బండితో బతికే మనిషే చేయాలి. విప్పి బిగించే పని ఎవరు చేసినా ఫర్వాలేదు. మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నాం. బిగించడం సులువు, కనిపెట్టడం నిపుణుల పని అనుకుని తాళం చెవి చేతిలో పెట్టి వచ్చేస్తున్నాం.

ముందు జరిగింది చెప్తాను. గ్యారేజీలో స్కానర్ పెడితే పి 0171 అనే కోడ్ వచ్చింది. "సార్, ఓటూ సెన్సార్ ఖరాబైంది. కోడ్ అదే చూపిస్తుంది" అన్నాడు మెకానిక్. సైలెన్సర్ దారిలో ఆక్సిజన్ ఎంత ఉందో చూసే ఆ సెన్సార్‌ను మార్చాం. నాలుగు రోజుల తర్వాత చెక్ ఇంజన్ లైటు మళ్లీ వెలిగింది. తర్వాత స్పార్క్ ప్లగ్గులు మార్చాం. తర్వాత పెట్రోలు చల్లే ఇంజెక్టర్లు క్లీన్ చేయించాం. మొత్తం పదకొండు వేలు దాటింది, పొద్దున వణుకు మాత్రం వణుకే. ఆ మెకానిక్‌లో మోసం లేదు. పన్నెండేళ్లుగా ఎరుగుదును, చెయ్యి మంచిది. అయితే పి 0171 కోడ్ అర్థం "సెన్సార్ పోయింది" అని కాదు. ఇంజన్‌లో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయిందని దాని అర్థం. ఆ సంగతి చెప్పింది ఆ సెన్సారే. కబురు తెచ్చినవాణ్ని పట్టుకుని కొట్టినట్టయింది.

మూడోసారి వెళ్లినప్పుడు, పక్కన నిలబడ్డ ఇంకో కస్టమర్ తీర్పు చెప్పేశాడు: "ఇథనాల్ పెట్రోలు సార్. అందరి బళ్లూ ఇంతే." ఈ మాట ఇప్పుడు ఊరంతా వినిపిస్తోంది. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు, 2025కల్లా దేశమంతా మామూలు పెట్రోలు అయిపోయింది. బండికి ఏమైనా దాని మీదకే నెట్టేస్తున్నారు. ఇందులో కొంత నిజం ఉంది, ఎంత నిజమో లెక్క కట్టొచ్చు కూడా. ఏమీ కలపని పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం కలిపితే ఆ లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. 10 శాతం కలిపినప్పుడు 14.1. అంటే పది నుంచి ఇరవైకి మారినప్పుడు, అదే గాలికి ఇంజన్ సుమారు 4 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. ఆ మాత్రం సర్దుబాటు ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీఎం, తనంతట తనే చేసుకుంటుంది. పైగా, ఇథనాల్ తేడా నాలుగు సిలిండర్లకూ ఒకేలా ఉంటుంది, ఐడ్లింగ్‌లోనూ రేజ్ చేసినప్పుడూ ఒకేలా ఉంటుంది, పొద్దున్నా మధ్యాహ్నం కూడా ఉంటుంది. నా బండి వణుకుకు ఈ మూడు లక్షణాల్లో ఒక్కటీ లేదు. అది పొద్దున్నే ఉంది, ఐడ్లింగ్‌లోనే ఉంది, ఒక సిలిండర్‌లోనే ఉన్నట్టుంది.

ఇంటికి వచ్చి ఒక నోటుపుస్తకం తీసుకున్నాను. బ్లూటూత్‌తో ఫోనుకు కలిసే ఈఎల్‌ఎం 327 అడాప్టర్ ఒకటి తెప్పించాను. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ 2, అంటే ఇంజన్ తన లోపాలు తనే కనిపెట్టి చెప్పే ఏర్పాటు, తప్పనిసరి అయింది కాబట్టి, ఆ తర్వాతి బళ్లన్నీ వాటి లోపలి లెక్కలు మనకు చూపిస్తాయి. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో గుచ్చడమే. అందులో నేను చూసింది ఒకే ఒక్క అంకె, ఫ్యూయల్ ట్రిమ్. ఈసీఎం తన దగ్గరున్న లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ పెట్రోలు పోస్తోందో, ఎంత తక్కువ పోస్తోందో చెప్పే అంకె అది. అప్పటికప్పుడు మారేది ఒకటి, నెమ్మదిగా నేర్చుకుని గుర్తుపెట్టుకునేది ఒకటి, రెండూ కలిపి చూడాలి. సున్నాకు అటూ ఇటూ ఓ పది లోపల ఉంటే దిగులు పడక్కర్లేదు.

మూడు పొద్దుటలు రాసుకున్నాను. సెల్ఫ్ కొట్టిన మొదటి నిమిషం ట్రిమ్ కదలదు, ఎందుకంటే ఆక్సిజన్ సెన్సార్ వేడెక్కేదాకా ఈసీఎం దాని మాట వినదు. తర్వాత ఐడ్లింగ్‌లో ప్లస్ 24, ప్లస్ 27, ప్లస్ 25. అదే చల్లటి ఇంజన్‌ను రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ప్లస్ 8. పూర్తిగా వేడెక్కాక ఐడ్లింగ్‌లోనూ ప్లస్ 9కి దిగేది. అంకెలు ఇలా ఉంటే ఒకటే అర్థం: ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి వస్తోంది.

ఎందుకో కాస్త చెప్పాలి. పెట్రోల్ ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు, గాలి దారికి తలుపులా ఉండే థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది. కింద పిస్టన్లు గాలి కోసం లాగుతూనే ఉంటాయి. దాంతో మధ్యలో సిలిండర్లకు గాలి పంచే గొట్టాల గుత్తి, ఇన్‌టేక్ మానిఫోల్డ్, లోపల బయటి గాలి ఒత్తిడిలో మూడో వంతే ఉంటుంది. వెంట్రుకంత సందు దొరికినా బయటి గాలి సుయ్‌మని దూరుతుంది. ఎక్సలేటర్ తొక్కితే థ్రాటిల్ తెరుచుకుంటుంది, వందల లీటర్ల గాలి రాజమార్గంలో వస్తుంది, దొడ్డిదారిన వచ్చే గాలి అందులో లెక్కకు రాదు. అందుకే ఐడ్లింగ్‌లో 25 ఉన్న తేడా రేజ్ చేస్తే 8కి పడిపోతుంది. ఇథనాల్ అయితే రెండు చోట్లా అంతే ఉండాలి. డీజిల్ ఇంజన్‌లో మామూలుగా ఈ వాక్యూమ్ ఉండదు, కాబట్టి ఈ పరీక్ష వాటికి పనికిరాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. చిన్న కార్లలో చాలావాటికి లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే సెన్సార్ ఉండదు. మానిఫోల్డ్ లోపలి ఒత్తిడిని కొలిచి, గాలి ఎంత వచ్చిందో ఈసీఎం లెక్క కడుతుంది. ఇలాంటి బండిలో అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్న చోట లీకైతే, ఒత్తిడి పెరిగిందని ఈసీఎంకి తెలుస్తుంది, తగినంత పెట్రోలు కలుపుతుంది, ఐడ్లింగ్ పెరుగుతుంది, అంతే. ట్రిమ్ పెద్దగా మారకపోవచ్చు. కానీ ఒక్క సిలిండర్‌కు వెళ్లే గొట్టం దగ్గర, సిలిండర్ల పై మూతను, అంటే హెడ్డును, ఆనుకునే చోట లీకైతే వేరే కథ. నాలుగు విస్తళ్లలో ఒకే సాంబారు వడ్డించి, ఒకదాంట్లో మాత్రం చెంబుడు నీళ్లు కుమ్మరించినట్టు ఉంటుంది. ఆ ఒక్క సిలిండర్‌లో మిశ్రమం పలచబడి, అంటుకోవడమే మానేస్తుంది. కాలని గాలి అంతా సైలెన్సర్ వైపు వెళ్లి, సెన్సార్‌కు ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తుంది. ఈసీఎం పాపం నాలుగింటికీ పెట్రోలు పెంచుతుంది. మైలేజి పడిపోయేది అక్కడే.

ఇలాగే నడిపేస్తే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. కొన్ని నెలలు నడుస్తుంది. పలచటి మిశ్రమం మీద లోడు పెడితే ఆ సిలిండర్ అతిగా వేడెక్కుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు కాలుతుంది. మిస్సయిన దెబ్బల్లో కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది. దాని ధర అడిగితే కళ్లు తిరుగుతాయి. మానిఫోల్డ్‌కూ హెడ్డుకూ మధ్య గాలి దూరకుండా వేసే రబ్బరు ప్యాకింగ్ ధర దాని ముందు చిల్లర.

ఏ సిలిండరో తేల్చడం కష్టం కాలేదు. ఇంజన్ చల్లగా ఉండగా, ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ ఊడదీసి వినాలి. మొదటిది తీస్తే ఇంజన్ ఇంకా కుంటింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోది తీస్తే ఏ మార్పూ లేదు. పని చేయనివాణ్ని సెలవు మీద పంపితే ఎవరికీ తెలియదు కదా. పాతకాలంలో ప్లగ్ వైరు పీకి చూసేవాళ్లు, అలా చేయొద్దు. షాకు కొడుతుంది, కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోతుంది. ఇంజెక్టర్ కనెక్టర్ తీస్తే ఆ సిలిండర్‌కు పెట్రోలే వెళ్లదు.

మానిఫోల్డ్‌నే అనుమానించే ముందు, దానికంటే సులువుగా పోయేవన్నీ చూశాను. ఇంజన్ లోపలి ఆవిరిని లాగే పీసీవీ గొట్టం, బ్రేక్ బూస్టర్ గొట్టం, పెట్రోలు ఆవిరిని లాగే పర్జ్ గొట్టం, ఇవన్నీ మానిఫోల్డ్‌కే తగిలి ఉంటాయి, అన్నీ రబ్బరే. గుడ్డ చుట్టిన ప్లయర్‌తో ఒక్కోదాన్ని మెల్లగా నొక్కిపట్టి ఐడ్లింగ్ మారుతుందా అని చూడటమే. మారలేదు. ఇంజెక్టర్ల చుట్టూ ఉండే ‘ఓ రింగులు’ అనే రబ్బరు చుట్లు కూడా ఇలాగే గాలి పీలుస్తాయి. వాటి సంగతీ తర్వాతి పరీక్షలో తేలుతుంది.

ఆ పరీక్ష గురించే ఎక్కువ చెప్పాలనుంది.

గ్యారేజీల్లో కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తారు. సందులోంచి స్ప్రే లోపలికి పోతే ఇంజన్ వేగం మారుతుంది. మా మెకానిక్ కూడా కొట్టాడు, అయితే వేడి ఇంజన్ మీద, ఏమీ కనిపించలేదు. అది మండే సరుకు. నడుస్తున్న ఇంజన్ మీద, కాయిల్స్ పక్కన, ఇంటి సెల్లార్‌లో అది కొట్టడానికి నేను ఒప్పుకోను. సాంబ్రాణి పొగ గొట్టంతో లోపలికి పంపి చూడమని మా బాబాయి సలహా ఇచ్చాడు. పొగ పరీక్ష నిజంగానే మంచి పరీక్ష, పెద్ద వర్క్‌షాపుల్లో దానికి మిషన్లున్నాయి. కానీ నిప్పుతో పుట్టిన పొగను పెట్రోలు ఆవిరి ఉండే చోటికి పంపడం ప్రమాదం. నేను వాడింది ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద నీళ్లు చల్లే స్ప్రే బాటిల్.

ఆదివారం, పొద్దున ఆరుంబావు. ఫోన్‌లో కూలెంట్ వేడి 16 డిగ్రీలు చూపిస్తోంది. సెల్లార్‌లో ఇంకో బండి కదల్లేదు, వాచ్‌మన్ నీళ్ల మోటారు కూడా ఇంకా వేయలేదు, ఆ నిశ్శబ్దం నాకు కలిసొచ్చింది. బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టాను. మూరెడు రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను మానిఫోల్డ్ హెడ్డును ఆనుకునే అంచు వెంట జరుపుకుంటూ పోయాను, ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా. మొదటి మూడు చోట్లా ఇంజన్ మోతే. నాలుగో గొట్టం కింది అంచు దగ్గర సన్నగా ఈల. పళ్ల సందులోంచి గాలి పీల్చినట్టు. అక్కడ సన్నటి ధారగా నీళ్లు కొట్టాను. ఈల ఆగింది. ఒక్క క్షణం బుడబుడమని నీళ్లు పీల్చుకున్న చప్పుడు, ఇంజన్ మోత మారింది, వణుకు తగ్గింది. నీళ్లు అయిపోగానే మళ్లీ ఈల. ఇంకోసారి కొట్టాను, మళ్లీ ఆగింది. పక్కన ఇంజెక్టర్ మొదట్లో కొడితే ఏమీ లేదు. కింది అంచున కొడితేనే ఆగేది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే చోటు.

పదకొండు వేలు పెట్టినా దొరకని సంగతి ఒక స్ప్రే బాటిల్ నీళ్లతో దొరికింది. నీళ్లలో మహిమ లేదు, ఆ టైమే కావాల్సింది. అదే రోజు మధ్యాహ్నం, బండి తిరిగొచ్చాక, అదే చోట అన్నే నీళ్లు కొట్టి చూశాను. ఏమీ కాలేదు. ఏ మెకానిక్ అయినా ఆ మధ్యాహ్నం వచ్చి చూస్తే మానిఫోల్డ్ బాగుందని ఒట్టేసి చెప్పేవాడు. అందులో అబద్ధం కూడా ఉండేది కాదు.

ఇంకో సాక్ష్యం కోసం, మానిఫోల్డ్ గాలిని ఎంత గట్టిగా లాగుతోందో కొలిచే వాక్యూమ్ గేజ్ కూడా పెట్టాను. ఇక్కడొక జాగ్రత్త. పుస్తకాల్లో మంచి ఇంజన్‌కు 18 నుంచి 22 అంగుళాల పాదరసం అని రాస్తారు, అది సముద్ర మట్టం దగ్గరి లెక్క. విశాఖపట్నంలో అలాగే చూసుకోవచ్చు. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడే తక్కువ, కాబట్టి దాదాపు రెండు అంగుళాలు తగ్గించి చూడాలి. ఈ సంగతి తెలియక ఇక్కడ 17 చూసి ఇంజన్ పోయిందని భయపడేవాళ్లుంటారు. నా బండి పొద్దున 13 దగ్గర ముల్లు కొట్టుకుంటూ ఉంది. వేడెక్కాక 16.

ఇక విప్పడం. పుత్లీబౌలిలో ప్యాకింగ్ 380 రూపాయలకు దొరికింది. థ్రాటిల్ బాడీ ప్యాకింగు, ఇంజెక్టర్ల ఓ రింగులు కూడా అప్పుడే తెచ్చుకున్నాను, ఎలాగూ విప్పాక పాతవి మళ్లీ వేయడం తప్పు. బోల్టు ఎంత బిగువుకు వచ్చిందో చూపే టార్క్ రెంచ్ రాణీగంజ్‌లో కొన్నాను. దాని ధర ప్యాకింగ్‌కు ఏడెనిమిది రెట్లు. అది లేకుండా మాత్రం ఈ పని ఇంట్లో మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్తాను.

ముందు రోజు సాయంత్రం పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ నడిపి, తనంతట తనే ఆగిపోయేదాకా ఉంచాను. పెట్రోలు లైనులో మూడు బార్ల పైన ఒత్తిడి ఉంటుంది, అది దించకుండా, ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం, అంటే రైలు, విప్పితే మొహం మీద పిచికారీ కొడుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేశాను. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద పని. విప్పే ప్రతి గొట్టానికీ, ప్రతి కనెక్టర్‌కూ మాస్కింగ్ టేపు ముక్క అంటించి అంకె వేశాను, ఫోటో తీశాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, థ్రాటిల్ బాడీ, ఇంజెక్టర్ రైలు, ఇవన్నీ పదో నంబరు సాకెట్‌తో వచ్చేశాయి. మానిఫోల్డ్‌కు అయిదు బోల్టులు, రెండు నట్లు, పన్నెండో నంబరు. అన్నీ తీశాక కూడా మానిఫోల్డ్ కదల్లేదు. ఇలాంటప్పుడే చాలామంది స్క్రూడ్రైవర్ దూర్చి పొడుస్తారు, ప్లాస్టిక్ అంచు విరుగుతుంది. కదల్లేదంటే ఇంకో బోల్టు ఉన్నట్టే. ఉంది. మానిఫోల్డ్‌ను కింద నుంచి పట్టుకునే చిన్న బ్రాకెట్, దాని బోల్టు పైనుంచి కనిపించదు. చేత్తో తడిమితే తగిలింది.

పాత ప్యాకింగ్ మానిఫోల్డ్ అంచున తవ్విన గాడిలో కూర్చుని ఉంది. కొత్తదాన్ని పక్కన పెట్టి చూశాను. కొత్తది గాడి కంటే పైకి లేచి ఉంది, అంచు గుండ్రంగా, వేలితో నొక్కితే దిగి మళ్లీ లేచింది. పాతది గాడికి సమానంగా, పైన బల్లపరుపుగా, గోరు గుచ్చితే దిగలేదు. నాలుగో రింగు కింది వైపు ఒక అంగుళం మేర నల్లటి మసి చార ఉంది, నేను నీళ్లు కొట్టిన చోటే. రబ్బరు ఎన్నో వేల సార్లు వేడెక్కి చల్లారితే సాగే గుణం పోతుంది, నొక్కి ఉన్న ఆకారంలోనే గట్టిపడిపోతుంది. చలికి ఇంకాస్త కుంచించుకుంటుంది, సందు తెరుచుకుంటుంది. ఇంజన్ వేడెక్కితే కాస్త మెత్తబడి, ఉబ్బి, సందు మూసుకుంటుంది. పది నిమిషాల మర్మం అదే. పదకొండేళ్లు పనిచేసిన రబ్బరు అది, దాన్ని తప్పు పట్టడానికేమీ లేదు.

నాలుగు రంధ్రాల్లోకీ శుభ్రమైన గుడ్డలు కూరాను. ఆ రంధ్రాల కింద వాల్వులు ఉన్నాయి. అందులో నట్టు పడినా, చెత్త పడినా హెడ్డు దించాల్సిందే. అల్యూమినియం అంచును ప్లాస్టిక్ పలకతో గీకాను. ఎమరీ పేపర్ వాడొద్దు, దాని ఇసుక రాలి లోపలికి పోతుంది, పైగా అల్యూమినియం మెత్తటిది, గుంట పడుతుంది. తర్వాత స్టీలు స్కేలు అడ్డంగా ఆనించి, కింద సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూశాను. 0.1 మిల్లీమీటరు బిళ్ల ఎక్కడా దూరలేదు. దూరితే మానిఫోల్డ్ వంగినట్టు, కొత్త ప్యాకింగ్ వేసినా కొన్నాళ్లకే మళ్లీ లీకవుతుంది. ఈ ఒక్క కొలత తీసుకోకుండా ప్యాకింగ్ మార్చినవాళ్లే తర్వాత "ఆ పార్టు డూప్లికేట్" అని తిడుతుంటారు.

మా అమ్మాయి పదేళ్లది, టార్చి పట్టుకుని పక్కనే ఉంది. గుడ్డలు తీసి మానిఫోల్డ్ ఎత్తబోతుంటే, "నాన్నా, నాలుగు పెట్టావు, మూడే తీశావు" అంది. నాలుగోది లోపలికి జారి ఉంది. ప్లయర్‌తో కొస పట్టుకుని బయటికి లాగాను. అప్పటి నుంచి గుడ్డ కొస బయటికి వేలాడేలా, పొడవాటి గుడ్డలే పెడుతున్నాను.

సిలికాన్ గురించి ఒక మాట. మన దగ్గర ఏ ప్యాకింగ్ వేసినా దాని మీద ట్యూబు పిండి పూత పూయడం అలవాటు. కాగితం ప్యాకింగుల కాలంలో, అంబాసిడర్, పద్మినీల రోజుల్లో, షెల్లాక్ పూతకు ఒక అర్థం ఉండేది. గాడిలో కూర్చునే రబ్బరు ప్యాకింగ్‌కు పూత పూస్తే అది జారుతుంది, సరిగ్గా కూర్చోదు. ఎక్కువైన సిలికాన్ లోపలి వైపు పాముతుంది, పెట్రోలు తగిలి మెత్తబడి ముక్కలై సిలిండర్‌లోకి పోతుంది. కొన్ని రకాల సిలికాన్ ఆవిరి ఆక్సిజన్ సెన్సార్‌నే పాడు చేస్తుంది. పొడిగా వేయాలి. గాడి శుభ్రంగా ఉంటే చాలు.

బిగించడం నడిమి బోల్టు నుంచి మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి బయటికి వెళ్లాలి. మొదటి చుట్టు చేతితో, రెండో చుట్టు సగం బిగువుకు, మూడోది పూర్తిగా. నా ఇంజన్ సర్వీసు మాన్యువల్‌లో 20 న్యూటన్ మీటర్లు ఉంది, మీ బండిది మీ మాన్యువల్‌లోనే చూడాలి. చేతి అంచనాతో బిగించేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఎక్కువే బిగిస్తారు. అల్యూమినియం హెడ్డులో థ్రెడ్ పోతే 380 రూపాయల పని, పాడైన మరలో కొత్త మర చుట్ట (హెలీకాయిల్) వేసే పనిగా మారుతుంది. మిగిలినవన్నీ టేపు అంకెల ప్రకారం వెనక్కి చేరాయి. సెల్ఫ్ కొట్టే ముందు తాళం రెండుసార్లు ఆన్ చేసి, పంపు తిరిగాక రైలు దగ్గర పెట్రోలు తడి ఉందేమో వేలితో చూశాను. లేదు. మొత్తం నాలుగున్నర గంటలు పట్టింది. చేయి తిరిగినవాడికి అందులో సగం చాలు.

ఇక్కడ మా మెకానిక్ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అతని మాటలో బలం ఉంది. "సార్, మీరు చేసిన్రు మంచిగైంది. నా దగ్గరికి నెలకొకడు సగం విప్పిన బండి టోయింగ్‌లో తెస్తడు. బోల్టులు కవర్‌లో ఉంటయ్. ఏది ఎక్కడిదో వానికే తెల్వదు." నిజమే. అందరూ మానిఫోల్డ్ విప్పాలని నేను అనడం లేదు. వారంటీలో ఉన్న బండి జోలికి పోవద్దు. అమెరికాలో మా తమ్ముడి దగ్గరున్న పాత వి6 లాంటి ఇంజన్లలో మానిఫోల్డ్ గుండా కూలెంట్ కూడా పారుతుంది, ప్యాకింగ్ పోతే నీళ్లు ఇంజన్ ఆయిల్‌లో కలిసి డిప్‌స్టిక్‌కు పాల టీ రంగు నురగ అంటుకుంటుంది. అప్పుడు బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. అక్కడ స్పేర్ పార్ట్స్ షాపులు డిపాజిట్ కట్టించుకుని టూల్స్ అరువిస్తాయి, వాడు రెండు శని, ఆదివారాలు కూర్చుని చేసుకున్నాడు. అది వేరే స్థాయి పని.

కానీ గొట్టం చెవికి ఆనించి వినడానికి, స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టడానికి, ఫోన్‌లో రెండు అంకెలు రాసుకోవడానికి ఏ బోల్టూ విప్పక్కర్లేదు. ఇవి చేసి, "అన్నా, నాలుగో సిలిండర్ ప్యాకింగ్ కింది అంచున గాలి పీలుస్తోంది, చల్లగా ఉన్నప్పుడే, ఇదిగో వీడియో" అని చెప్పగలిగితే, ఆ మెకానిక్ చేతి పని మొత్తం సరైన చోటికి చేరుతుంది. రోజుకు ఎనిమిది బళ్లు చూసేవాడు నా ఒక్క బండి కోసం పొద్దున ఆరింటిదాకా కాచుకుని ఉండలేడు. అతనికి ఆ టైము ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా దానికి డబ్బు ఇవ్వరు. మనం డబ్బు ఇచ్చేది మార్చిన పార్టుకే. వెతికినందుకు డబ్బు ఇవ్వని కస్టమర్ దగ్గర ఏ మెకానిక్ అయినా పార్టులు మార్చడం దగ్గరే ఆగుతాడు. ఈ తప్పులో సగం మాది. పాత సెన్సార్ ఊరికే మార్చిన డబ్బు గురించి నేను అతనితో గొడవ పెట్టుకోకపోవడానికి కారణం ఇదే.

ప్యాకింగ్ మార్చిన మర్నాడు పొద్దున కూలెంట్ 15 డిగ్రీలు. ఐడ్లింగ్ నిలకడగా ఉంది. వాక్యూమ్ గేజ్ 18 దగ్గర కదలకుండా నిలబడింది. ఫ్యూయల్ ట్రిమ్ వెంటనే దిగలేదు, పాత లెక్క మరచిపోవడానికి ఈసీఎంకి కొన్ని రోజులు పట్టింది. వారం తర్వాత ఐడ్లింగ్‌లో ప్లస్ 4, రెండున్నర వేల దగ్గర ప్లస్ 4. రెండు చోట్లా సమానం. ఆ నాలుగు ఇథనాల్‌దే అనుకుంటున్నాను.

పాత ప్యాకింగ్ తీసుకెళ్లి మా మెకానిక్‌కు చూపించాను. మసి చార మీద బొటనవేలు పెట్టి చాలాసేపు చూశాడు. జనవరి రెండో వారంలో ఫోన్ చేశాడు. "సార్, గిట్లనే ఇంకో బండి వచ్చింది. పొద్దుగాల మిస్సింగ్ అంటున్నడు, నాకైతే ఏం కనబడ్తలేదు. రాత్రి ఇక్కడే పెట్టి పొమ్మన్న. రేపు ఆరింటికి షెడ్డు తెరుస్త. ఆ గేజ్ పట్టుకొని వస్తరా?"

వెళ్లాను. స్ప్రే బాటిల్ అతనే కొని పెట్టుకున్నాడు.